‘ఉంటే’కూ ‘ఉంటేనే’కూ నడుమ: ప్రవేశ పరీక్షలలో షరతుల తర్కం

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో పై తరగతుల విద్యార్థులను, వారి తల్లిదండ్రులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



తెలుగునాడుకు వెలుపల తరతరాలుగా స్థిరపడిన కుటుంబాలవారు పిల్లలను తెలుగు మాధ్యమంలో చేర్పించే ముందు ఒక ప్రశ్న తప్పక అడుగుతారు. “పదో తరగతి వరకు సరే, ఆపైన వచ్చే ప్రవేశ పరీక్షల మాటేమిటి?” అని. ప్రశ్న న్యాయమైనదే. మాతృభాషలో చదివినవాడు ఎందులోనూ వెనుకబడడని గంభీరంగా చెప్పి, చప్పట్లు అందుకొని కూర్చోవడం తేలిక. కాని పిల్లవాడు పరీక్ష హాలులో ఒంటరిగా కూర్చున్నప్పుడు ఆ చప్పట్లు ఎందుకూ పనికిరావు. అందుచేత ఈ ప్రసంగం పొగడ్తల జోలికి పోక, ఒకే ఒక రకం ప్రశ్నను పట్టుకొని దాని లోతు ఎంతో చూపడానికి పరిమితమవుతున్నది. ఆ ప్రశ్న షరతుల చిక్కుప్రశ్న: ‘ఇది ఉంటే అది ఉండాలి, అది లేకపోతే మరొకటి ఉండరాదు’ అంటూ నాలుగైదు నిబంధనలు ఇచ్చి, ‘అయితే ఏది తప్పనిసరి, ఏది అసాధ్యం?’ అని నిలదీసే ప్రశ్న.

ఈ జాతి ప్రశ్నలకు ప్రపంచంలో పేరు తెచ్చిన పరీక్ష అమెరికా న్యాయ కళాశాలల ప్రవేశ పరీక్ష, ఎల్‌శాట్. అది 1948లో మొదలయింది. అందులో 1982 నుండి ‘ఎనలిటికల్ రీజనింగ్’ అనే భాగం ఉండేది. విద్యార్థుల వాడుకలో దాని పేరు ‘లాజిక్ గేమ్స్’. ముప్పై అయిదు నిమిషాలు, నాలుగు చిక్కులు, వాటి మీద ఇరవై రెండు మొదలు ఇరవై నాలుగు వరకు ప్రశ్నలు. ఒక్కొక్క చిక్కుకు తొమ్మిది నిమిషాలు కూడా దక్కవు. న్యాయశాస్త్రం ఒక్క ముక్క తెలియనక్కరలేదు, లెక్కలు రానక్కరలేదు. ఇచ్చిన మాటలకు కట్టుబడి ఆలోచించగలిగితే చాలు. చాలామందిని భయపెట్టినది ఆ భాగమే.

ఈ సభలోని పూర్వ విద్యార్థులలో కొందరికి ఇది వేరే దారిన పరిచయమై ఉంటుంది. పైచదువులకు అమెరికా వెళ్ళదలచినవారు రాసే జి.ఆర్.ఇ. పరీక్షలో కూడా 2002 వరకు ఇటువంటి భాగమే ఉండేది, 200 నుండి 800 వరకు మార్కుల కొలతతో. ఆ ఏడాది అక్టోబరులో దానిని తీసివేసి వ్యాసరచన పెట్టారు. 1980లలో, 1990లలో ఇంజనీరింగు చదివిన తెలుగు యువకులు ఎందరో లావుపాటి మార్గదర్శక గ్రంథాలు పక్కన పెట్టుకొని, ‘గుండ్రని బల్ల చుట్టూ ఆరుగురు కూర్చున్నారు’ అనే లెక్కలతో రాత్రులు గడిపినవారే. ఇక మన దేశంలో జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల కోసం 2008 నుండి జరుగుతున్న క్లాట్‌లోను, మేనేజిమెంటు విద్యాసంస్థల క్యాట్‌లోను తర్కానికి ప్రత్యేక స్థానం ఉన్నది. క్లాట్‌లో 2020 నుండి గద్యభాగం ఇచ్చి దానిమీద ప్రశ్నలు వేస్తున్నారు. క్యాట్‌లో మాత్రం అమరికల చిక్కులు అలాగే ఉన్నాయి. ఈ రెండు పరీక్షలూ ఇంగ్లీషులోనే జరుగుతాయి. ఆ మాట దాచవలసిన పని లేదు.

చిక్కు ఎలా ఉంటుందో వినడం కంటే ఒకటి విప్పి చూడడం మేలు. ఈ ఉత్సవాల సాయంకాలపు కార్యక్రమమే ఆధారంగా ఒకటి కల్పించవచ్చు. హరికథ, వీణ, కోలాటం, బుర్రకథ, నాటిక, ఏకపాత్రాభినయం అని ఆరు అంశాలు సిద్ధంగా ఉన్నాయి. ఏవి ఉంచాలో, ఏవి వదలాలో నిర్ణయించడానికి అయిదు నిబంధనలు. మొదటిది: హరికథ ఉంటే వీణ ఉండాలి. రెండవది: నాటిక ఉంటే ఏకపాత్రాభినయం ఉండరాదు. మూడవది: కోలాటం ఉంటేనే బుర్రకథ ఉంటుంది. నాలుగవది: ఏకపాత్రాభినయం లేకపోతే హరికథ ఉండాలి. అయిదవది: వీణ ఉంటే కోలాటం ఉండరాదు.

అలవాటు లేనివారు ఇక్కడ చేసే పని ఏమిటంటే, ఆరింటినీ అటూ ఇటూ మార్చుతూ ఒక్కొక్క అమరికనే సరిచూడడం. ఒక్కొక్క అంశం ఉండనైనా ఉండవచ్చు, లేకపోనైనా పోవచ్చు కనుక మొత్తం అమరికలు అరవై నాలుగు. తొమ్మిది నిమిషాలలో అరవై నాలుగు సరిచూడడం ఎవరి తరమూ కాదు. పరీక్ష పెట్టినవారికీ ఆ సంగతి తెలుసు. వారు చూడదలచినది ఓపికను కాదు, నిబంధనలను ఒకదానితో ఒకటి ముడివేయగల నేర్పును.

ముడివేయడానికి ముందు ప్రతి నిబంధనలోను ‘ఉంటే’ ఎటు ఉన్నదో, ‘ఉండాలి’ ఎటు ఉన్నదో తేల్చుకోవాలి. నాలుగు నిబంధనలు సూటిగా ఉన్నాయి. మూడవది మాత్రం తిరగబడి ఉన్నది. ‘కోలాటం ఉంటేనే బుర్రకథ’ అంటే, కోలాటం ఉన్నంత మాత్రాన బుర్రకథ ఉండి తీరాలని కాదు. బుర్రకథ ఉన్నదంటే కోలాటం ఉన్నట్లేనని. బాణం బుర్రకథ నుండి కోలాటానికి పోతుంది గాని, కోలాటం నుండి బుర్రకథకు రాదు. ‘ఉంటే’కు చివర చేరిన ఒక్క ‘నే’ బాణాన్ని వెనక్కి తిప్పివేసింది.

ఇక్కడ కాసేపు ఆగడం అవసరం. ‘ఫీజు కడితే హాల్ టికెట్టు ఇస్తారు’ అన్న మాటకూ, ‘ఫీజు కడితేనే హాల్ టికెట్టు ఇస్తారు’ అన్న మాటకూ గల భేదం ఈ పాఠశాలలో ఎనిమిదేండ్ల పిల్లకు కూడా తెలుసు. మొదటిది హామీ. కట్టావా, వచ్చినట్లే. రెండవది ఆంక్ష. టికెట్టు చేతిలో ఉన్నదంటే ఫీజు కట్టి ఉంటాడు. కాని కట్టినంత మాత్రాన వస్తుందని ఎవరూ మాట ఇవ్వలేదు, హాజరు తక్కువైతే ఆపనూ వచ్చు. ఇంగ్లీషులో ఈ పని ‘ఇఫ్’, ‘ఓన్లీ ఇఫ్’ అనే మాటలు చేస్తాయి. ఆ భాష పుట్టుకతో వచ్చినవారు సైతం పరీక్ష ఒత్తిడిలో ‘ఓన్లీ ఇఫ్’ దగ్గర తడబడి బాణం తిప్పి గీస్తారు. అటువంటప్పుడు ఆ రెండు మాటలనూ ‘తే’, ‘తేనే’ అని చెవికి పట్టించుకొన్న తెలుగు పిల్ల తడబడవలసిన అవసరం లేదు. అదే విధంగా ‘అన్‌లెస్’ అనే గడ్డు మాట ఒకటి ఉన్నది. ‘ఉపాధ్యాయులు అనుమతిస్తే తప్ప ఎవరూ తరగతి విడిచి పోరాదు’ అన్నప్పుడు ఆ ‘తప్ప’ చేసే పని అదే. బయట ఎవరైనా కనిపిస్తే అనుమతి ఉన్నట్లు. అనుమతి ఉన్నవాడు బయటికి పోయి తీరాలని మాత్రం కాదు. ‘వాన వచ్చినా బడి ఉంటుంది’ అనే ‘నా’ సంగతి మరీ విచిత్రం. చూడడానికి షరతులా ఉంటుంది, నిజానికి వానకూ బడికీ సంబంధం లేదని చెబుతుంది.

అయితే ఇంటి తెలుగు పూర్తిగా నమ్మదగినదని కూడా అనుకోరాదు. ‘హోంవర్క్ చేస్తే ఆడుకోవచ్చు’ అని తల్లి అన్నప్పుడు ఆమె ఉద్దేశం ‘చేస్తేనే’ అని. పిల్లవాడికీ అలాగే అర్థమవుతుంది. సంసారాలు సాగడానికి ఆ పాటి ఊహ అవసరమే. పరీక్ష మాత్రం ఆ ఊహను సాగనివ్వదు. అనని మాటను అన్నట్లుగా తీసుకొన్నవాడిని పడగొట్టడానికే అక్కడ నాలుగు తప్పు జవాబులలో ఒకటి కాచుకొని ఉంటుంది. ‘లేదా’ అన్న మాటా అంతే. ‘కాఫీ లేదా టీ’ అని హోటల్లో అంటే రెండింటిలో ఒకటే. తర్కంలో, రెండూ కూడదని విడిగా చెబితే తప్ప, రెండూ ఉండవచ్చును.

మళ్ళీ చిక్కు దగ్గరికి. ప్రతి నిబంధనకూ ఒక నీడ ఉంటుంది. హరికథ ఉంటే వీణ ఉండాలి గనుక, వీణ లేకపోతే హరికథ లేదు. రెండు వైపులనూ తారుమారు చేసి, రెండింటికీ ‘లేదు’ తగిలిస్తే వచ్చే వాక్యం ఇది. ఇది మొదటి వాక్యంతో సరిసమానం. కేవలం తారుమారు చేసి ‘వీణ ఉంటే హరికథ ఉండాలి’ అన్నా తప్పే. కేవలం ‘లేదు’ తగిలించి ‘హరికథ లేకపోతే వీణ ఉండదు’ అన్నా తప్పే. పరీక్షలో పోయే మార్కులలో అధిక భాగం ఈ రెండు తప్పుల ఖాతాలోకే పోతాయి.

ఈ విషయం అమెరికా నుండి దిగుమతి కావలసినది కాదు. ‘నిప్పు లేనిదే పొగ రాదు’ అనే సామెతే ఆ నీడవాక్యం. దాని మూలవాక్యం ‘పొగ ఉంటే నిప్పు ఉన్నట్లే’. న్యాయశాస్త్రంలో మొదటిదానిని వ్యతిరేక వ్యాప్తి అనీ, రెండవదానిని అన్వయ వ్యాప్తి అనీ అంటారు. అన్వయానికి ఉదాహరణ వంటిల్లు, వ్యతిరేకానికి ఉదాహరణ చెరువు. మరి ‘నిప్పు ఉంటే పొగ ఉండాలి’ అని తిప్పి చదివితే? దానికి కూడా పూర్వులు జవాబు చెప్పి ఉంచారు: ఎర్రగా కాలిన ఇనుప గుండు. దానిలో నిప్పు ఉన్నది, పొగ లేదు. 17వ శతాబ్దిలో తర్కసంగ్రహం రచించిన అన్నంభట్టు ఆంధ్రదేశీయుడని ప్రసిద్ధి. పిల్లలకు సులువుగా బోధపడడం కోసమే ఆ గ్రంథం రచిస్తున్నట్లు ఆయన ఆరంభంలోనే చెప్పుకొన్నాడు. ఆ పుస్తకాన్ని సంస్కృత పాఠశాలల బీరువాలకు వదిలివేయడం వల్ల కలిగిన నష్టం చిన్నది కాదు.

ఇప్పుడు నిబంధనలను ముడివేస్తే ఒక గొలుసు తయారవుతుంది. నాటిక ఉన్నదనుకోండి. రెండవ నిబంధన వల్ల ఏకపాత్రాభినయం లేదు. అది లేదు కనుక నాలుగవ నిబంధన వల్ల హరికథ ఉన్నది. హరికథ ఉన్నది కనుక వీణ ఉన్నది. వీణ ఉన్నది కనుక కోలాటం లేదు. కోలాటం లేదు కనుక, మూడవ నిబంధన నీడ వల్ల, బుర్రకథ లేదు. నాటిక అన్న ఒక్క మాటతో ఆరు అంశాల జాతకమూ తేలిపోయింది. నాటిక, హరికథ, వీణ, అంతే. ఇదే గొలుసును చివరి నుండి వెనక్కి లాగితే, బుర్రకథ ఉన్నప్పుడు కోలాటం ఉన్నది, వీణ లేదు, హరికథ లేదు, ఏకపాత్రాభినయం ఉన్నది, నాటిక లేదు. నాటిక, బుర్రకథ ఒకే సాయంకాలం జరగవని ఏ నిబంధనా పైకి చెప్పలేదు. అయినా అది తప్పించుకోరాని ఫలితం. చిక్కులో తెలివంతా ఇటువంటి చెప్పని మాటను బయటికి లాగడంలో ఉన్నది.

మరొక ప్రశ్న. వీణ ఉన్నదని మాత్రమే చెప్పి, హరికథ తప్పనిసరా అంటే? తొందరపాటువాడు అవునంటాడు. కాని వీణ, ఏకపాత్రాభినయం రెండే పెట్టి చూడండి. అయిదు నిబంధనలలో ఒక్కటీ చెడదు. హరికథ తప్పనిసరి కాదు. ఒక మాట తప్పని నిరూపించడానికి వంద వాదాలు అవసరం లేదు, ఇటువంటి ఒక్క ఉదాహరణ చాలు. ఆ ఇనుప గుండు చేసిన పని ఇదే.

రెండవ, నాలుగవ నిబంధనల నడుమ భేదం కూడా గుర్తుంచుకోదగినది. ‘నాటిక ఉంటే ఏకపాత్రాభినయం ఉండరాదు’ అంటే రెండూ కలిసి ఉండరాదని, రెండూ లేకపోవచ్చు. ‘ఏకపాత్రాభినయం లేకపోతే హరికథ ఉండాలి’ అంటే రెండూ లేకుండా పోరాదని; రెండూ ఉండవచ్చు. వాక్యంలో ‘లేదు’ ఎటువైపు ఉన్నదన్న దానిని బట్టి అర్థం తలకిందులవుతుంది. ఎంత చదివినవారైనా ఈ రెండింటిని కలగాపులగం చేయడం కద్దు.

గొలుసు మొత్తాన్ని ఒక మెట్లవరుసగా భావిస్తే ఇంకొక సంగతి తేటపడుతుంది. నాటిక ఉంది, ఏకపాత్రాభినయం లేదు, హరికథ ఉంది, వీణ ఉంది, కోలాటం లేదు, బుర్రకథ లేదు: ఇవి ఆరు మెట్లు. ఏదో ఒక మెట్టు నిజమైతే దాని తరువాతి మెట్లన్నీ నిజం కావాలి. కనుక నిజం ఎక్కడ మొదలవుతుందన్న ఒక్కటే ప్రశ్న. ఆరు మెట్లలో దేని దగ్గరనైనా మొదలు కావచ్చు, అసలు మొదలు కాకనూ పోవచ్చు. అంటే అనుమతించదగిన అమరికలు ఏడంటే ఏడు. అరవై నాలుగు ఏడుకు దిగాయి. ఆ ఏడింటిలో దేనిలోనూ మూడుకు మించిన అంశాలు లేవు. ఏకపాత్రాభినయం ఒక్కటే మిగిలే సాయంకాలం కూడా ఒకటి ఉన్నది. శ్రోతలకు అది ఎలా ఉంటుందన్నది వేరే విషయం.

ఇంత తేటగా ఉన్న పని మనుషులకు ఎందుకు కష్టమవుతుంది? 1966లో ఇంగ్లండులో పీటర్ వేసన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఒక చిన్న పరీక్ష ప్రకటించాడు. తెలుగులోకి మారిస్తే అది ఇలా ఉంటుంది. బల్లమీద నాలుగు చీట్లు: అ, క, 4, 7. ప్రతి చీటీకి ఒకవైపు అక్షరం, రెండవవైపు అంకె. ‘ఒకవైపు అచ్చు ఉంటే రెండవవైపు సరి సంఖ్య ఉండాలి’ అన్న నిబంధన నిజమో కాదో తేల్చడానికి ఏ చీట్లు తిప్పి చూడాలి? ఎక్కువమంది ‘అ’, ‘4’ అంటారు. సరైన జవాబు ‘అ’, ‘7’. నాలుగు వెనుక హల్లు ఉన్నా నిబంధనకు భంగం లేదు. ఏడు వెనుక అచ్చు ఉంటేనే భంగం. విద్యావంతులు సైతం ఇందులో తప్పారు. 1982లో గ్రిగ్స్, కాక్స్ అనే ఇద్దరు అమెరికాలో ఇదే పరీక్షను బీరు తాగడానికి ఉండవలసిన వయస్సు మీద పెట్టినప్పుడు ఎక్కువమంది సరిగా చెప్పారు. బీరు తాగుతున్నవాడినీ, పదహారేండ్లవాడినీ తనిఖీ చేయాలని ఎవరూ నేర్పనక్కరలేకపోయింది.

తర్కం ఒక్కటే, సామగ్రి మారింది. మన ఊరి బస్సు కండక్టరుకు ఈ పరీక్ష రోజువారీ పని. ‘రాయితీ పాసు ఉంటే గుర్తింపు కార్డు ఉండాలి’ అన్నది నిబంధన. పాసు చూపినవాడిని కార్డు అడుగుతాడు. కార్డు లేదన్నవాడు పాసుతో ఎక్కాడేమో చూస్తాడు. పూర్తి చార్జీ ఇచ్చినవాడిని కార్డు అడగడు. అతడు తర్కశాస్త్రం చదవలేదు. పిల్లలకు షరతుల తర్కం నేర్పే ఉపాధ్యాయులు అక్షరాలతో, గుర్తులతో కాక బస్సు పాసుతో, హాల్ టికెట్టుతో మొదలుపెట్టి, పట్టు చిక్కిన తరువాత గుర్తులకు పోవాలని చెప్పడం ఇందుకే. తెలిసిన భాషలో, తెలిసిన వస్తువుతో మొదలు కాని తర్కం బట్టీ అవుతుంది. బట్టీ పట్టినది కొత్త చిక్కు ఎదురైన మొదటి నిమిషంలోనే చెదిరిపోతుంది.

తల్లిదండ్రుల ప్రశ్నకు జవాబు ఇక్కడికి సగం వచ్చింది. మిగతా సగం అంత తీయనిది కాదు. ఆలోచన తెలుగులో పదునెక్కినా, ప్రశ్నపత్రం ఇంగ్లీషులో వస్తుంది. నిబంధనలో వచ్చే షరతు మాటలు పట్టుమని పాతిక ఉండవు. తొమ్మిదవ తరగతి నుండి వారానికి ఒక గంట కేటాయిస్తే వాటికి సాటి తెలుగు రూపాలతో జోడించి నేర్పడం సాధ్యమే. క్లాట్‌లో ఇచ్చే పొడుగాటి గద్యభాగాన్ని వేగంగా చదవగలగడం మాత్రం వేరే సాధన. అది ఏండ్ల తరబడి ఇంగ్లీషు పుస్తకాలు, పత్రికలు చదివితేనే వస్తుంది. ఇక్కడి ‘తేనే’ను గమనించండి: చదివినవారందరికీ వస్తుందని హామీ కాదు, చదవకపోతే రాదని మాత్రమే. పాఠశాల ఆ పని చేయకుండా మాతృభాష పేరు చెప్పి తప్పుకొంటే, నష్టపోయేది పిల్లలే. మరోవైపు, ఇంగ్లీషు కోసమని పిల్లలను మొదటి తరగతిలోనే తెలుగు నుండి తప్పించినవారు, తర్కం మొలకెత్తే నేలను కూడా తప్పిస్తున్నామన్న సంగతి గమనించడం లేదు.

పరీక్ష కొలవదలచినదీ, నిజంగా కొలిచినదీ ఒకటేనా అన్న అనుమానం ఇక్కడివారికి మాత్రమే వచ్చినది కాదు. ఎల్‌శాట్ చిక్కులు విప్పడానికి అందరూ కాగితం మీద పటాలు, గళ్ళు, బాణాలు గీస్తారు. చూపు లేనివారు ఏమి గీస్తారు? మిషిగన్ రాష్ట్రానికి చెందిన ఒక అంధ అభ్యర్థి 2011లో ఈ ప్రశ్న పట్టుకొని న్యాయస్థానానికి వెళ్ళాడు. ఆలోచనను పరీక్షిస్తున్నామంటూ బొమ్మ గీసే శక్తిని పరీక్షిస్తున్నారన్నది ఆయన వాదం. వ్యాజ్యం ఏండ్లు సాగింది. 2019లో రాజీ కుదిరింది; ఆ భాగానికి బదులు మరొక మార్గం నాలుగేండ్లలోగా వెదకడానికి పరీక్షాసంస్థ ఒప్పుకొన్నది. చివరకు 2024 జూన్ పరీక్షతో లాజిక్ గేమ్స్ ముగిశాయి. ఆగస్టు నుండి వాటి స్థానంలో వాదాలను పరిశీలించే భాగం రెండవది చేరింది. నలభై రెండేండ్లు నడిచిన పద్ధతిని ఒక అభ్యర్థి పట్టుదల మార్చించింది. గళ్ళ బొమ్మలు పోయాయి గాని, ‘ఉంటే’, ‘ఉంటేనే’ పోలేదు; వాదాల భాగంలో అవి వాక్యాల మధ్య ఇదివరకటి కంటే లోతుగా దాగి ఉన్నాయి.

బొమ్మ గీయలేనివాడి కోసం పరీక్ష మారింది. ఇంగ్లీషులో నిదానంగా చదివేవాడి కోసం మన దేశంలో ఏమి మారవలసి ఉన్నదన్న చర్చ కూడా సాగవలసినదే. ఇంజనీరింగు ప్రవేశానికి జరిగే జె.ఇ.ఇ. మెయిన్‌ను 2021 నుండి తెలుగుతో సహా పదమూడు భాషలలో నిర్వహిస్తున్నారు. న్యాయవిద్యకు ఆ సౌకర్యం లేకపోవడానికి చూపే కారణాలలో బలమైనవీ ఉన్నాయి. న్యాయ విశ్వవిద్యాలయాలలో బోధన, ఉన్నత న్యాయస్థానాలలో వ్యవహారం ప్రధానంగా ఇంగ్లీషులో సాగుతాయి. ఆ వాదాన్ని తోసిపుచ్చడం సులభం కాదు. కాని బోధన భాష ఇంగ్లీషు అయితే తర్కశక్తిని కూడా ఇంగ్లీషులోనే కొలవాలన్నది ఏ నిబంధన నుండి వచ్చిన ఫలితమో అడిగి చూడవచ్చు. ఆ బాణం ఎటు పోతున్నదో గీసి చూపమనవచ్చు.

ఎనిమిది, తొమ్మిది తరగతుల విద్యార్థులకు చివరగా ఒక పని. పైన చెప్పిన చిక్కులో అయిదవ నిబంధనను, అంటే వీణకూ కోలాటానికీ పడదన్న దానిని, తీసివేయండి. గొలుసు రెండు ముక్కలవుతుంది. అప్పుడు అమరికలు ఏడు కావు, పదిహేను. వాటిలో రెండింటిలో ఏకంగా అయిదేసి అంశాలు పడతాయి. ఆ రెండింటిలోనూ ఆ అయిదు ఏవో, ఆరవది ఎందుకు పట్టదో రాసి, రేపు ప్రార్థన వేళకు గణితం ఉపాధ్యాయులకు చూపండి.